బోరు సంగతి తర్వాత, ముందు మూత తీసి చూడండి

ప్రశ్న: అయ్యా, నేను రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. బిట్రగుంటలోనే ఇల్లు కట్టుకుని ఉంటున్నాం. నా దగ్గర 1998 నాటి బజాజ్ చేతక్ ఉంది, ఏపీ 26 నంబరు. కొన్న రోజు నుంచి నా చేతి కిందే ఉంది, ఇంకొకరికి ఇచ్చింది లేదు. మూడు నెలలుగా దీనితో ఒకటే టెన్షన్. పొద్దున రెండో కిక్కుకే స్టార్టవుతుంది. ఇంటి ముందు రెండు మూడు నిమిషాలు ఉంచినా చక్కగా కొట్టుకుంటుంది. రోడ్డెక్కాక కిలోమీటరు, కిలోమీటరున్నర పోయేసరికి దగ్గినట్టు అవుతుంది, ఎక్సలేటర్ ఇచ్చినా లాగదు, ఒక్క క్షణం గట్టిగా అరిచి ఆగిపోతుంది. చోక్ లాగితే ఇంకో ఫర్లాంగు పోతుంది, అంతే. పక్కన నిలబెట్టి, మూత తీసి పెట్రోలు ఉందో లేదో చూసుకుని, పది నిమిషాలు ఆగి కిక్కు కొడితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. మళ్ళీ అంతే దూరం. విచిత్రం ఏమిటంటే ట్యాంకు నింపిన రోజే ఎక్కువ ఏడిపిస్తుంది. పెట్రోలు అడుక్కి వచ్చినప్పుడు మూడు నాలుగు కిలోమీటర్లు పోతుంది.

మెకానిక్ మూడుసార్లు ప్లగ్గు మార్చాడు, రెండుసార్లు కార్బురేటర్ కడిగాడు. ఇప్పుడేమో "ఇంజన్ బోరుకొచ్చింది సార్, పిస్టన్, రింగులు మార్చి బోరు కొట్టించాల, ఏడు వేలవుద్ది" అంటున్నాడు, సిలిండరు లోపల అరిగిపోయిందట. బండి అడ్డం వచ్చినప్పుడల్లా మా ఇంటావిడ పాత ఇనుము వాడికి ఇచ్చేయమంటుంది. అన్నట్టు, బండికి వేరే రిపేరేమీ లేదు. సంక్రాంతికి ముందు మూత దగ్గర పెట్రోలు కారి సీటు కింద వాసన వస్తుంటే మా అబ్బాయి సైకిల్ ట్యూబు ముక్క కోసి మూతలో వేశాడు, ఆ బాధ పోయింది. బోరు చేయించమంటారా, అమ్మేయమంటారా?

సమాధానం: నమస్కారమండీ. రెండూ వద్దు. ఈ వారం రోజులు మాత్రం ఇంజన్ మీద ఎవరినీ స్పానర్ పెట్టనివ్వకండి.

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నా ఆలోచన కూడా మీ మెకానిక్ లాగే కార్బురేటర్ చుట్టూనే తిరిగింది. రెండోసారి చదువుతుంటే ఆ సైకిల్ ట్యూబు ముక్క దగ్గర ఆగిపోయాను. మీరు దాన్ని "అన్నట్టు" అని చివర్లో, బాగైపోయిన సంగతిగా రాశారు. నాకు మాత్రం జబ్బు అక్కడే మొదలైందనిపిస్తోంది.

స్టార్టయి ఆగిపోయే బండి విషయంలో అందరూ అడిగేది ఎందుకు ఆగిందని. నేను ముందు ఎలా ఆగిందని అడుగుతాను. కరెంటు పోయి ఆగే బండి స్విచ్ కట్టేసినట్టు ఠక్కున ఆగుతుంది. దగ్గడాలు, మూలగడాలు ఉండవు. అప్పటిదాకా బాగా లాగుతున్నది కాస్తా మరుక్షణం టైర్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. పెట్రోలు అందక ఆగే బండి అలా పోదు. ముందు బలం తగ్గుతుంది, గుక్క పట్టినట్టు అవుతుంది, మళ్ళీ కాస్త తేరుకుంటుంది. చేతక్ లాంటి, పెట్రోలులో ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ బండి అయితే పెట్రోలు పలచబడగానే ఒక్క క్షణం స్పీడు పెరిగినట్టు అరుస్తుంది కూడా. ఆ తర్వాత ఆగుతుంది. మీరు రాసింది అక్షరాలా ఇదే. పైగా చోక్ లాగితే ఇంకో ఫర్లాంగు పోయిందన్నారు. చోక్ చేసే పని గాలితో పోలిస్తే పెట్రోలు పాలు పెంచడం. దానితో ఊపిరి వచ్చిందంటే బండి పెట్రోలు కోసం అల్లాడుతోందని అర్థం. పెట్రోలు ఎక్కువై మునిగే బండికి చోక్ లాగి చూడండి, అక్కడికక్కడే ఆగుతుంది.

కాబట్టి ప్లగ్గును అనుమానించాల్సిన పనే లేదు. పాపం, మూడు ప్లగ్గులూ నేరం చేయకుండానే శిక్ష అనుభవించాయి.

ఇక పెట్రోలు ఎక్కడ ఆగుతోంది? ట్యాంకు నింపితే తొందరగా ఆగుతుందన్నారే, నన్ను దారిలో పెట్టింది ఆ మాట. చెత్త అడ్డుపడితే ఇలా ఉండదు. ట్యాపులోనో, కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నటి బెజ్జం, అదే జెట్టులోనో చెత్త ఉంటే ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు కాస్త మేలుగానే ఉండాలి, పైనుంచి బరువు ఎక్కువ కాబట్టి. మీ బండిది తలకిందుల వ్యవహారం. నిండు ట్యాంకుతో ఎక్కువ ఏడిపించి, ఖాళీ ట్యాంకుతో తక్కువ ఏడిపించే జబ్బు నాకు తెలిసి ఒక్కటే ఉంది: ట్యాంకులోకి గాలి పోకపోవడం.

మీరు గార్డుగా చేశారు కాబట్టి వాక్యూమ్ అంటే ఏమిటో మీకు నేను చెప్పడం పెద్ద సాహసం. రైలు చివర గార్డు పెట్టె, ఆ బ్రేక్ వాన్‌లో వాక్యూమ్ బ్రేకుల గేజి ముల్లు చూస్తూ ఎన్ని రాత్రులు గడిపారో. మీ స్కూటర్ ట్యాంకులో జరుగుతున్నది అలాంటిదే, కాకపోతే చాలా చిన్నది. చేతక్‌లో పెట్రోలు పంపు లేదు. ట్యాంకులో పెట్రోలు మట్టానికీ కార్బురేటర్‌కీ మధ్య అడుగు ఎత్తు ఉంటుందనుకోండి, ఆ అడుగు ఎత్తు నుంచి దిగే బరువు ఒక్కటే పెట్రోలును నడిపిస్తుంది. పెట్రోలు కిందికి దిగిన కొద్దీ పైన ఆ ఖాళీలోకి బయటి గాలి రావాలి. అందుకోసం మూతకు సన్నటి బెజ్జం ఉంటుంది. ఆ బెజ్జం మూసుకుపోతే లోపలి గాలి పలచబడి పెట్రోలును పైకి పట్టుకుంటుంది. డబ్బాలో నూనె పోసేటప్పుడు పైన రెండో బెజ్జం పెట్టకపోతే బుడుక్ బుడుక్ మని ఆగి ఆగి వస్తుంది కదా, అదే.

ఎంత పలచబడితే పెట్రోలు ఆగుతుందో లెక్క వేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. అడుగు ఎత్తు పెట్రోలు బరువును నిలబెట్టడానికి లోపలి గాలి నూటికి రెండు వంతులు పలచబడితే చాలు. మీ బ్రేక్ వాన్ గేజిలో అయితే ముల్లు రెండు సెంటీమీటర్లు కూడా కదలదు. ట్యాంకు మూతిదాకా నింపితే పైన అర లీటరు గాలి మిగిలిందనుకుందాం. అందులో నూటికి రెండు వంతులంటే పది మిల్లీలీటర్లు. అంటే పది మిల్లీలీటర్ల పెట్రోలు దిగేసరికి ప్రవాహం ఆగిపోతుంది. ఆ పైన కార్బురేటర్ గిన్నెలో ఉన్నదే దిక్కు. లీటరుకి నలభై ఇచ్చే బండి కిలోమీటరుకి పాతిక మిల్లీలీటర్లు తాగుతుంది. కిలోమీటరు, కిలోమీటరున్నరకు ఆగిందంటే ఆగదా మరి! అదే ట్యాంకులో నాలుగు లీటర్ల ఖాళీ ఉంటే ఎనభై మిల్లీలీటర్లు దిగేదాకా ఢోకా లేదు, మూడు కిలోమీటర్ల పైనే పోతుంది. పెట్రోలు ఆవిరి కూడా ఆ ఖాళీలో చేరుతుంది కాబట్టి, ఎండనుబట్టి, కుదుపులనుబట్టి ఈ లెక్క అటూ ఇటూ అవుతుంది. కానీ మీరు రాసిన దూరాలు దీనికి ఇంత దగ్గరగా రావడం కాకతాళీయం అనుకోను.

ఇక ఆ పది నిమిషాలు. బండి చల్లారాక స్టార్టవుతోందని మీరు అనుకుంటూ ఉంటారు, మెకానిక్ కూడా అదే అనుకుని ఇంజన్ మీద పడి ఉంటాడు. కానీ ఆ పది నిమిషాల్లో మీరు చేస్తున్న పని ఒకటుంది చూశారా? మూత తీసి పెట్రోలు చూస్తున్నారు. మూత తీయగానే గాలి లోపలికి పోతుంది, గిన్నె నిండుతుంది. పది నిమిషాలకు మీరు ఇచ్చిన పేరు నిజానికి ఆ మూత తీయడానికి రావాలి.

మా వైపు కొత్త వాషరు దొరక్కపోతే సైకిల్ ట్యూబు కోయడం మామూలే. నేనూ కోశాను. కుళాయికి వేస్తే బంగారంలా పనిచేస్తుంది. పెట్రోలు మూతకు వేస్తే రెండు రకాల తంటా. వాషరు అంటే మధ్యలో పెద్ద బెజ్జం ఉన్న చక్రం. మీ అబ్బాయి బిళ్ళలా గుండ్రంగా కోసి మూత లోపల పరిచి ఉంటే గాలి బెజ్జానికి రబ్బరు తలుపు వేసినట్టే. మధ్యలో కోసినా, ఆ కోసిన బెజ్జం చిన్నదైతే అంతే సంగతులు. రెండో తంటా ఏమిటంటే, ట్యూబు రబ్బరు పెట్రోలుకు తట్టుకోదు. పెట్రోలు తాగి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, అంచులు పొడిపొడిగా రాలతాయి. మొదటి రోజు కాస్త సందు ఉన్నా, ఉబ్బాక అదీ మూసుకుపోయి ఉంటుంది. బహుశా అందుకే వేసిన రోజే కాకుండా కొన్నాళ్ళకు బాధ మొదలైంది. అబ్బాయిని మాత్రం ఏమీ అనకండి. పెట్రోలు కారే బండిని ఆపాలనుకున్నాడు, ఆపాడు. కాస్త ఎక్కువగానే ఆపాడు, అంతే.

ఇదంతా నేను ఉత్తరం చూసి చెప్పిన మాట. మీరు బండి దగ్గర నిజం తేల్చుకోవాలి. ట్యాంకు దాదాపు నిండుగా ఉన్నప్పుడే బయల్దేరండి, అప్పుడే జబ్బు తొందరగా బయటపడుతుంది. మొదటిసారి ఆగినప్పుడు మూత ముట్టుకోవద్దు. ఒక్క నిమిషం ఆగి కిక్కు కొట్టండి. స్టార్టు కాదు, అయినా పది గజాలు పోదు. ఇప్పుడు సీటు ఎత్తి మూత మెల్లగా తీయండి, చెవి దగ్గర పెట్టి. గాలి లోపలికి పోతూ "సుయ్" మంటే ఇంకేం కావాలి? వినిపించకపోయినా ఫరవాలేదు, రోడ్డు మీద లారీల మోతలో అంత చిన్న చప్పుడు తెలియదు. మూత తిరిగి పెట్టి ఒక నిమిషం ఆగి కిక్కు కొట్టండి. చల్లారకుండానే, పది నిమిషాలు ఆగకుండానే స్టార్టయి మళ్ళీ అంతే దూరం పోతే నేరస్తుడు దొరికినట్టే. ఈ పరీక్ష హైవే మీద కాకుండా ఊళ్ళో రోడ్డు మీద చేయండి. మూత తీసినప్పుడు దగ్గర్లో బీడీ, సిగరెట్టు ఉండకూడదని మీకు చెప్పక్కర్లేదు గానీ, పక్కన సాయం వచ్చి నిలబడే వాళ్ళకు చెప్పాలి. చీకట్లో పెట్రోలు ఎంత ఉందో అగ్గిపుల్ల గీసి చూసిన మహానుభావుణ్ణి నేను కళ్ళారా చూశాను. ఆయన కనుబొమలు మొలవడానికి చాలా రోజులు పట్టింది.

తేలితే చేయాల్సింది చిన్న పని. ట్యూబు ముక్క తీసి పారేయండి. మూతలోని బెజ్జాన్ని సన్నటి తీగతో పొడిచి, నోటితో ఊది గాలి అటువైపు వస్తోందో లేదో చూడండి. స్కూటర్ స్పేర్లు అమ్మే షాపులో పెట్రోలు మూత వాషరు అని అడగండి. కావలిలో దొరక్కపోతే నెల్లూరులో దొరుకుతుంది, చేతక్‌లు తగ్గాయి గానీ వాటి సామాన్లు ఇంకా అంతరించలేదు. షాపులో "కొత్త చేతక్‌దా" అని అడిగితే కాదని గట్టిగా చెప్పండి, 2020 నుంచి ఆ పేరుతో వస్తున్నది కరెంటు బండి, దానికి పెట్రోలు మూతే లేదు. వాషరు దొరక్కపోతే మూత మొత్తం మార్చేయండి. పాత మూతే వాడితే అసలు పెట్రోలు ఎందుకు కారిందో కూడా చూడాలి. వాషరు ఎండిపోయి ఉండొచ్చు. లేదా బంకులో కుర్రాడు మూతిదాకా పోసి ఉండొచ్చు. ఎండాకాలం పెట్రోలు వ్యాకోచిస్తుంది, మూతిదాకా పోస్తే ఎంత మంచి వాషరైనా కారుతుంది. రెండు వేళ్ళ ఖాళీ ఉంచమనండి.

ఆ రబ్బరు పొడి కొంత ట్యాంకులోకి పోయి ఉంటుంది కాబట్టి వాషరు మార్చాక కార్బురేటర్ ఇంకొక్కసారి కడిగించడం మంచిదే. ఈసారి మెకానిక్‌కి ఒక మాట చెప్పండి: పెట్రోలు పైపు కార్బురేటర్‌లోకి దిగే చోట చిన్న జాలీ ఉంటుంది, అది తీసి కడగమనండి. తొందరలో చాలామంది దాన్ని వదిలేస్తారు.

ఒకవేళ మూత తీసినా తేడా రాలేదనుకోండి. అప్పుడు పెట్రోలు దారి వెంటే కిందికి రావాలి. కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి ట్యాపు తిప్పండి. సన్నటిదైనా తెగకుండా ధార రావాలి. మొదట వచ్చి తర్వాత బొట్లు బొట్లుగా పడితే ట్యాంకు లోపల ట్యాపుకు ఉండే జాలీకి తుప్పు, జిగురు పట్టి ఉంటుంది. దాన్ని తీయాలంటే ట్యాంకు దించాలి, అది మెకానిక్ పని, ఇంట్లో పెట్టుకోవద్దు. పైపు లాగేటప్పుడు పెట్రోలు నోటితో పీల్చే అలవాటు మన వాళ్ళకు ఉంది, దయచేసి అది వద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే కడుపులోకి పోవడం కంటే ప్రమాదం.

చేతక్‌ను ఒక పక్కకు వంచి కిక్కు కొట్టడం మన తరానికి తెలిసిన విద్య. అదేదో మంత్రం అనుకుని ప్రతి బండికీ వంచేవాళ్ళు. వంచితే జరిగేది పెట్రోలు గిన్నెలో కాస్త పైకి లేచి ఇంజన్‌కు ఎక్కువ అందడమే. అందుకని నాకు వంచడం వైద్యం కంటే పరీక్షగా ఎక్కువ పనికొస్తుంది. వంచితేనే స్టార్టయ్యే బండికి గిన్నెలో పెట్రోలు మట్టం తక్కువగా ఉందని అర్థం. మీ బండి వంచకుండానే రెండో కిక్కుకు స్టార్టవుతోంది. అంటే రాత్రంతా తీరిగ్గా గిన్నె నిండుతోంది, పరుగులో అందడం లేదు. ఇదీ మూత వైపే వేలు చూపిస్తోంది.

పెట్రోలు గురించి ఇంకొక్క మాట. 2023 నుంచి బంకుల్లోకి వస్తున్న ఇ20 పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్. అది తేమను పీల్చుకుంటుంది, పాత ట్యాంకు గోడలకు పట్టిన జిగురును కదిలిస్తుంది, పాత రకం రబ్బరును మెత్తబరుస్తుంది. రోజూ తిరిగే బండికి పెద్ద బాధ లేదు. మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పడితే స్కూటర్‌ను నెలల తరబడి వరండాలో వదిలేస్తాం చూడండి, అప్పుడు నీళ్ళు విడిపడి ట్యాంకు అడుగున చేరతాయి. బరువు కాబట్టి ట్యాపులోకి ముందు పోయేది ఆ నీళ్ళే. నిలబెట్టి వదిలేసేటట్టయితే ట్యాపు కట్టేసి ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడిపించండి, కార్బురేటర్ ఎండిపోతుంది. లేకపోతే పెట్రోలు ఆవిరై, అందులో కలిపిన టూటీ ఆయిల్ మిగిలి జెట్టులో జిగురులా పేరుకుంటుంది.

మీ బండికి అవసరం లేకపోయినా, ఇది చదివే మిగతావాళ్ళ కోసం ఠక్కున ఆగే బండి గురించి కొంచెం. నా దగ్గర ఒకప్పుడు ఒక పాత స్కూటర్ ఉండేది. కుడి వైపు మలుపులంటే దానికి పడేది కాదు. కావలి ట్రంకు రోడ్డు మీద తిన్నగా పోయినంతసేపు గుర్రమే. కుడికి తిప్పితే ప్రాణం పోయేది. హ్యాండిల్ తిన్నగా పెట్టి కిక్కు కొడితే లేచేది. నేను ఒక మెకానిక్ మాట నమ్మి కాయిల్ మార్పించాను, డబ్బులు పోయాయి, మలుపు బాధ పోలేదు. ఆ తర్వాత ఇంకో ముసలి మేస్త్రి బండిని స్టాండు వేసి, ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్‌ను ఇటూ అటూ తిప్పి నవ్వాడు. ఇలా మాగ్నెట్ కరెంటుతో నిప్పు పుట్టే బండ్లలో ఇంజన్ ఆపడమంటే కరెంటును ఎర్త్‌కు కలపడమే. ఆపే స్విచ్చు వైరు హ్యాండిల్ గొట్టంలోంచి పోతుంది. ఇరవై ఏళ్ళు అటూ ఇటూ తిరిగి దాని తోలు ఒరుసుకుపోయింది. కుడికి తిప్పితే రాగి తీగ గొట్టానికి తగిలి, నేను స్విచ్చు నొక్కినట్టే ఇంజన్ ఆగేది. రెండు రూపాయల టేపుతో పోయింది. మీ బండి మలుపుల్లోనో గుంటల్లోనో ఠక్కున ఆగుతుంటే ముందు ఆ వైరు విడదీసి నడిపి చూడండి.

అదే ఠక్కున ఆగడం వేడెక్కాక మాత్రమే జరిగి, మూత తీసినా తీయకపోయినా చల్లారేదాకా రాకపోతే, అది ప్లగ్గుకు నిప్పు అందించే భాగాల్లో ఒకటి: పాత మోడల్ అయితే పాయింట్లు, కండెన్సరు, కొత్తదైతే సీడీఐ పెట్టె లేదా లోపలి పికప్ కాయిల్. ఆగిన వెంటనే ప్లగ్గు తీసి, క్యాపుకు తగిలించి, ఇంజన్ ఇనుముకు ఆనించి కిక్కు కొట్టి చూస్తే నిప్పు ఉందో లేదో తెలుస్తుంది. చల్లారాక చూస్తే ఏమీ తెలియదు, అప్పటికి అది బాగానే ఉంటుంది. ప్లగ్గు సందు హాక్సా బ్లేడు మందం ఉండాలి, దాదాపు 0.6 మిల్లీమీటర్లు. సముద్రం దగ్గర ఊళ్ళలో, తుమ్మలపెంట వైపు చెరువుల మీద తిరిగే బండ్లకు ప్లగ్గు క్యాపు లోపల పచ్చగా చిలుము పడుతుంది, ఉప్పు కాగితంతో గీకితే సగం జబ్బులు పోతాయి.

సైలెన్సర్ మసి పట్టి మూసుకుపోయినా బండి స్టార్టయి, లాగలేక ఆగుతుంది. కానీ అది నెలల తరబడి మెల్లగా ముదిరే జబ్బు, మూత తీస్తే తగ్గేది కాదు. ఇంజన్‌లోకి బయటి గాలి రాకుండా ఆపే క్రాంకు సీలు పోతే ఇంజన్ ఎక్సలేటర్ ఇవ్వకుండానే పిచ్చిగా అరుస్తుంది, ఐడ్లింగ్ స్క్రూ మాట వినదు. మీ ఉత్తరంలో ఈ రెండిటి జాడా లేదు.

ఇక బోరు. బోరుకొచ్చిన ఇంజన్ ఎలా ఉంటుందో మీకు తెలిస్తే మీరే చెప్పగలరు. పొద్దున చల్లటి ఇంజన్‌తో కిక్కు మీద కాలు పెట్టి మెల్లగా ఒత్తండి. బాగున్న ఇంజన్ ఒక చోట ఆపుతుంది, బరువు వేస్తేగానీ దాటదు. బోరు పోయిన ఇంజన్‌లో కిక్కు గట్టు తెగిన కాలవలా జారిపోతుంది. పొద్దున స్టార్టు చేయడానికే చెమటలు పడతాయి, వంతెన ఎక్కమంటే ఫస్టు గేరు అడుగుతుంది, లోపల గలగలమని చప్పుడు. రెండో కిక్కుకు స్టార్టయ్యే మీ బండికి ఈ పేరు పెట్టడం అన్యాయం. దానికి నిజంగా బోరు అవసరమయ్యే రోజు వస్తుంది, దాచాల్సిన పని లేదు. ఆ రోజు ఇది కాదు.

అయితే ఒక్క సందర్భంలో మాత్రం జాగ్రత్త. ఎప్పుడైనా ఆగేటప్పుడు ఎవరో వెనక నుంచి బ్రేకు పట్టినట్టు అనిపిస్తే వెంటనే క్లచ్చు నొక్కండి. అది పిస్టన్ పట్టేయడం, చక్రం బిగుసుకుని పడేస్తుంది. ఆగాక కిక్కు బిర్రుగా ఉంటే బలవంతం చేయకుండా చల్లారనివ్వండి. ఇలా ఎక్కువగా జరిగేది ఆయిల్ తక్కువైనప్పుడు. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ పడాలి. పెట్రోలు అందక పలచగా నడిచినా ఈ ప్రమాదం ఉంది. టూ స్ట్రోక్‌లో పెట్రోలుతో పాటే ఆయిల్ వస్తుంది మరి, పెట్రోలు అందనప్పుడు ఆయిల్ కూడా అందదు. అందుకే మూత సంగతి తేలేదాకా చోక్ లాగి ఈడ్చుకుంటూ కావలి దాకా పోవద్దు. ఆగితే ఆగనివ్వండి.

మెకానిక్ మీద కోపం పెట్టుకోకండి. బండి ఆయన దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయే స్థితిలో ఉండదు కదా. షెడ్డులో స్టాండు మీద కొట్టుకుంటూనే ఉంటుంది. ఆయన చూడని దాన్ని మీరు మూడు నెలలు చూశారు. ట్యాంకు నింపితే ఎక్కువ ఆగుతోందన్న మాట ఆయనకు చెప్పారో లేదో మీ ఉత్తరంలో లేదు. చెప్పి ఉంటే ఆయనే మూత తీసి చూసేవాడేమో.

అమ్మడం గురించి ఇంటావిడకు ఇలా చెప్పండి: పాత ఇనుము వాడు ఎప్పుడైనా వస్తాడు, తొందర లేదు. కానీ ఆర్‌సీ మాత్రం ఒకసారి తీసి చూసుకోండి. పదిహేనేళ్ళు నిండిన సొంత బండికి రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి. ఆ తేదీ దాటి ఉంటే మూతకంటే ముందు పోలీసులు ఆపుతారు.

ఇంత చెప్పాక కూడా మూత నిర్దోషి అని తేలితే మళ్ళీ రాయండి. అప్పుడు ఈ మూడూ తప్పకుండా రాయండి: మూత తీసి చూసిన పరీక్షలో సరిగ్గా ఏం జరిగింది, ఆగిన వెంటనే తీసిన ప్లగ్గు తడిగా నల్లగా ఉందా, పొడిగా తెల్లగా ఉందా, పైపు కింద సీసా పెడితే ధార ఎంతసేపు తెగకుండా వచ్చింది. తీసేసిన ఆ ట్యూబు ముక్క ఎలా కోసి ఉందో కూడా రాయండి, బిళ్ళా, చక్రమా అని. నాకు తెలుసుకోవాలని ఉంది.